ఎడమవైపు ముందు చక్రం

ఇరు, అన్నాడు సాయిరాం కుర్చీలోంచి. ఆగమని. తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టు మీద నూనె పోశాక కాసేపు నాననివ్వాలని, తొందరపడి స్పానరు వేస్తే బోల్టు తల అరిగిపోయి ఆ తర్వాత దేనికీ దొరకదని ఇదివరకైతే పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాడు. ఇప్పుడు ఒక్క తమిళ మాటతో సరిపెట్టాడు. సరేనంది లక్ష్మీదుర్గ. సరేనంది గాని కారు కిందనుంచి బయటికి రాలేదు. ఎడమవైపు ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించింది. కారు ముందు భాగం రెండు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టింది. కింద పరుచుకున్నది పాత ఫ్లెక్సీ బ్యానరు, ఎవరి పెళ్ళిదో, పెళ్ళికొడుకు ముఖం తన నడుం కింద ఎక్కడో ఉంది. దాని కింద సిమెంటు చల్లగా ఉంది. బయట ఆదివారం మధ్యాహ్నపు ఎండ, సారం వీధిలో ఆటోల మోత, ఎదురింటి టీవీలో ఎవరో ఏడుస్తున్న చప్పుడు, ఇక్కడ మాత్రం ముక్కుకు జానెడు ఎత్తులో నల్లటి ఇంజను అడుగుభాగం, గ్రీజు వాసన, నూనె వాసన. ఇన్ని నెలల్లో ఎవరూ ఏమీ అడగని చోటు ఇదొక్కటే దొరికింది. ఎవరైనా చూస్తే పని చేస్తోందనుకుంటారు. నడుం నేలకు ఆనుకుంది, భుజాలు ఆనుకున్నాయి, తల ఆనుకుంది, ఇంత పూర్తిగా తన ఒళ్ళు నేలకు అప్పగించి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

రాత్రి పడుకుంటుంది, పడుకోదని కాదు, కానీ చెవి ఒకటి మేలుకునే ఉంటుంది. అతను కదిలితే చాలు లేస్తుంది. బాత్రూముకా, నీళ్ళకా, లేక పడిపోయిన కుడిచెయ్యి ఒంటికింద నలిగి నొప్పి పుడుతోందా. లేపి, తిప్పి, దిండు సర్ది, మళ్ళీ పడుకుంటే ఆ చెవి మళ్ళీ కాపలాకి కూర్చుంటుంది. తెల్లారాక స్నానం, గెడ్డం, టిఫిను, అతని కాలికి ప్లాస్టిక్ పట్టీ బిగించడం, పైన ఇంటివాళ్ళ జయమ్మాళ్‌ని ఒక కన్నేసి ఉంచమని చెప్పి ఆఫీసుకు పరుగు, అక్కడ ఫైలు మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే కళ్ళు నులుముకోవడం, పర్మిషన్ పెట్టి ముందుగా వచ్చి అతన్ని కారెక్కించి కదిర్కామం ఆసుపత్రికి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం. ఆ రోడ్డు. ఎప్పుడూ ఏదో ఒక పైపు కోసం తవ్వుతూనే ఉంటారు, తవ్విన చోట మట్టి పోసి వదిలేస్తారు, మిగిలిన చోట స్పీడ్ బ్రేకర్లు. ప్రతి ఎత్తుకీ ప్రతి గుంటకీ ఎడమవైపు ముందు చక్రం దగ్గర టక్కుమని ఒక దెబ్బ, సుత్తితో కొట్టినట్టు, ఆ దెబ్బ సరిగ్గా అతను కూర్చున్న సీటు కిందనుంచి వచ్చి అతని భుజంలో దిగేది. జారిపోయిన భుజం అది, కండ పట్టు వదిలేసింది, ఎముక ఒట్టి చర్మానికి వేలాడుతున్నట్టుంటుంది. గుంట కనబడగానే అతను ఎడమచేత్తో కుడిచేతిని గుండెకి అదుముకుని కళ్ళు మూసుకునేవాడు. ఆమె గేరు తగ్గించి నడిచేవాళ్ళకన్నా నెమ్మదిగా పోనిచ్చేది. వెనకనుంచి హారన్లు, తమిళంలో తిట్లు. దెబ్బ తగలకుండా పోనివ్వడం చేతకాక ఒకరోజు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది కూడా, ఎర్రలైటు దగ్గర, పచ్చలైటు పడేదాకా.

అరిగిపోయిందని, ఒళ్ళు పడిపోకముందే, అతనికి తెలుసు. చక్రాన్ని కారు ఒంటికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు, దాని రబ్బరు బుష్షులు చిరిగిపోయాయని, చివరనున్న బాల్ జాయింటు లూజయిందని, కొత్తది తెచ్చి మంచం కింద పెట్టాడు. వచ్చే ఆదివారం వేసేద్దాం దుర్గా, టార్చి నువ్వే పట్టాలి అన్నాడు. టార్చి ఎప్పుడూ ఆమే పట్టేది. యానాం నుంచి ఆమెకి ట్రాన్స్‌ఫరయి ఇద్దరూ ఈ ఊరొచ్చి సంసారం పెట్టిన కొత్తలో, పిల్లలూ జెల్లలూ లేని ఇంట్లో ఆదివారాలు పొడుగ్గా ఉండేవి, అతను తట్టాంచావడి ఫ్యాక్టరీలో వారమంతా మిషన్లు బాగుచేసి ఆదివారం సరదాకి కారు విప్పేవాడు, ఆమె పక్కన ముక్కాలిపీట వేసుకుని టార్చి పట్టుకుని, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ, అతను చెప్పేవన్నీ వినీ విననట్టు వినేది. అలా విన్నవే ఇప్పుడు చేతిలో స్పానరయి కూర్చున్నాయి. ఆ ఆదివారం రాలేదు. దానికి ముందు శుక్రవారం నాడే ఫ్యాక్టరీలో మిషను పక్కన కూలబడిపోయాడు, కుడిపక్కంతా చచ్చుబడింది, మాట పోయింది. తిరిగొచ్చిన మొదటి మాట తణ్ణి. నీళ్ళు. ఆసుపత్రి మంచం మీద, ఆమె ముఖంలోకి చూస్తూ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మనిషి, తణ్ణి అన్నాడు. నీళ్ళు తాగించింది. ఆ తర్వాత వరండాలోకి వెళ్ళి నిలబడింది. డాక్టరు చెప్పాడు, కొందరికి అలా అవుతుందని, రెండు భాషలున్నవాళ్ళకి ఏది ముందు తిరిగొస్తుందో చెప్పలేమని. అతనికి ఫ్యాక్టరీ భాష ముందొచ్చింది. ఇరు, కీళ, పోదుం, వేణాం. ఆగు, కింద, చాలు, వద్దు. తెలుగులో దుర్గా అన్న పేరొక్కటే వచ్చింది, అదీ ఒక్కోరోజు దుదుదు దగ్గరే ఆగిపోతుంది.

గేటు చప్పుడైంది. వెండి మెట్టెల కాళ్ళు రెండు కారు పక్కన ఆగాయి.

“ఏంది దుర్గమ్మా, యాడుండావు? కారు కిందనా? ఆ బాలమురుగన్‌ను పిలవగూడదా, వాడే వచ్చి చేసిపెట్టును గదా.”

“ఊళ్ళో లేడమ్మా. కూతురి పెళ్ళికని వెళ్ళాడు, షాపు మూసేశాడు.”

“అట్లయితే రెండునాళ్ళు ఆగి చేసుకోరాదా. ఏంది అవసరం?”

అవసరం ఏమిటో చెప్పలేదు దుర్గ. జయమ్మాళ్ వాళ్ళది ఎన్ని తరాల కిందటో ఈ గడ్డ మీద స్థిరపడిన తెలుగు కుటుంబం, ఇంట్లో ఈ తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళంలోనే. ఆవిడ మజ్జిగ చెంబు సాయిరాం పక్కన స్టూలు మీద పెట్టి, “పావం, ఒంటి ఆడది ఎంతని చేస్తుందయ్యా, నువ్వన్నా చెప్పగూడదా” అని అతనితో అని, అతను చెప్పలేడని గుర్తొచ్చి కాబోలు, సరి సరి అనుకుంటూ మెట్లెక్కిపోయింది.

అవసరం రేపు. రేపు పొద్దున్న సాయిరాం వాళ్ళన్న అబ్బులు యానాం నుంచి దిగుతాడు. దిగి, తమ్ముణ్ణి ఈ కారులోనే ఎక్కించుకుని యానాం తీసుకెళ్ళిపోతాడు. రైలయితే బెర్తు ఎక్కలేడు, బాత్రూము కష్టం. కారయితే ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు, అక్కడ కాకినాడలో ఫిజియోకి తిప్పడానికీ ఉంటుంది. ఇదంతా అబ్బులు చెప్పిందే. దుర్గా, ఇలా ఎన్నాళ్ళు నెట్టుకొస్తావమ్మా, నేను లేనా, మీ అక్క లేదా, మా తమ్ముణ్ణి మేం చూసుకోలేమా, కొన్నాళ్ళు మా దగ్గరుంటాడు, నువ్వు కాస్త ఊపిరి తీసుకో. ఎన్నిసార్లు అన్నాడో. వద్దు బావగారూ, వద్దు బావగారూ అంటూ వచ్చింది. మొన్న మాత్రం వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ కూడా మంట తగ్గించాలని తోచక, పొంగిపోయిన పాలు కారుతుంటే కూడా చూస్తూ, సరే బావగారూ, వచ్చి తీసుకెళ్ళండి అంది. తన గొంతే. ఎవరో వెనకనుంచి అన్నట్టు వినపడింది. అన్నాక మొదట కలిగింది బాధ కాదు, నిద్ర. ఆ క్షణంలోనే, ఆ పాలు తుడవకుండానే, నేల మీద పడి నిద్రపోవాలనిపించింది. ఆ తర్వాత సిగ్గేసింది. సాయిరాంకి చెప్పలేదు. చెప్పాలనుకుంది, నిన్న గెడ్డం గీస్తూ అనుకుంది, అతను సబ్బు నురగలోంచి చిన్నపిల్లాడిలా గెడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుని నమ్మకంగా కూర్చుంటే మాట రాలేదు. కారెందుకు విప్పుతున్నావన్నట్టు చూస్తే, కదిర్కామం రోడ్డు మీద మీకు నొప్పి తగ్గుతుందండీ అని చెప్పింది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇక్కడి రోడ్డు కాదు, యానాం దాకా రోడ్డు. పంపించేస్తున్న మనిషికి దారిలో నొప్పి కలగకూడదని చక్రం బాగుచేస్తోంది. ఇది ప్రేమో, మరింకేమో, ఆలోచించే ఓపిక లేదు. అక్కడికెళ్ళి అతను తణ్ణి అంటే తోడికోడలు ఏమనుకుంటుంది. వేణాం అంటే ఇంకాస్త వడ్డిస్తుందేమో. ఆవిడ మంచిదే, చేతినిండా పెట్టే మనిషి, కానీ తమిళం ముక్క రాదు, అక్కడ ఎవరికీ రాదు, ఉన్న నాలుగు మాటలూ పట్టుకుని తన సొంతూరికి వెళ్ళి మూగవాడవుతాడు. కళ్ళు మూసుకుంది. ఇంజను అడుగున ఒక చుక్క నూనె ముడుచుకుని, పెరిగి, పడాలా వద్దా అన్నట్టు ఆగి, చెంప మీద పడింది.

“దుర్...గా.”

లేచిందా నిద్రలోంచి, నిద్రేనా అది. అతని చెయ్యి స్పానరు వైపు చూపించడం కారు కిందకి కనబడదు, కానీ కుర్చీ కిర్రుమన్న తీరుని బట్టి ఆమెకు తెలుసు. స్పానరు తగిలించి, దాని పిడికి పొడుగాటి పైపు తొడిగి, రెండు కాళ్ళూ స్టాండుకి తన్నిపెట్టకుండా జాగ్రత్తపడి, ఒళ్ళంతా వేసి లాగింది. రాలేదు. ఈ ఊళ్ళో సముద్రపు గాలి ఇనుమును లోపల్లోపలే తినేస్తుంది. సుత్తితో నాలుగు వైపులా తట్టింది. మళ్ళీ లాగింది. చీమంత కదలిక. కదిలిందో, స్పానరు జారిందో. మళ్ళీ. ఈసారి కిర్రుమని, గొంతు పెగిలినట్టు, బోల్టు తిరిగింది. తిరిగిన బోల్టుని చేతి వేళ్ళతో విప్పుతుంటే ఆమెకు ఎందుకో దాన్ని కళ్ళకద్దుకోవాలనిపించింది, అంత అలసటగా ఉంది. పాత ఆర్మ్ ఊడి బ్యానరు మీద దభీమని పడింది; రబ్బరు పెచ్చులు పెచ్చులుగా చిరిగి ఉంది, బాల్ జాయింటు వేలితో కదిపితే పిల్లల కాలి గజ్జెలా ఆడుతోంది. కొత్తది ఎత్తి, ఒక చివర దూర్చి, రెండో చివర కన్నానికి కన్నం కుదరక, మోకాలితో ఎగదన్ని, పెదవి కొరుక్కుని, కుదిర్చి, బోల్టులన్నీ చేత్తో ఎక్కించింది. ఇక బిగించడమే. బుష్షు బోల్టుకి స్పానరు వేసి పైపు తొడిగింది.

“బారం,” అన్నాడు సాయిరాం.

చెయ్యి ఆగిపోయింది.

“బారం. బారం.” గట్టిగా, ఒక్కో మాటా ఈడ్చుకొస్తూ.

భారం. తెలుగు మాట. ఇన్ని నెలల్లో నోటికి రాని తెలుగు ఇప్పుడొచ్చింది, వచ్చి ఈ మాటే తెచ్చింది. కారు కిందనుంచి ఆమెకు అతని పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. ఎడమ పాదం నేలమీద దృఢంగా, కుడి పాదం తెల్ల పట్టీలో కాస్త లోపలికి వాలి. తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలిసిపోయింది. లేకపోతే ఇప్పుడు ఈ మాటెందుకంటాడు.

“అలా అనకండి,” అంది.

“బారం.”

“భారమని పంపించడం లేదండీ.” స్పానరు కింద పెట్టేసింది. ఆ రెండు పాదాలకే చెప్పింది, ముఖం కనబడనందుకే చెప్పగలిగింది. “బావగారు రేపొస్తున్నారు. మిమ్మల్ని యానాం తీసుకెళ్తారు. నేనే రమ్మన్నాను. నాకు చేతకావట్లేదు. ఎవరి మీదా కోపం లేదు, మీ మీద అసలే లేదు. మొన్న ఆఫీసులో సంతకం పెడుతూ పెడుతూ నిద్రపోయాను. మీకు మందు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వెయ్యబోయాను ఒకసారి, మీరే చెయ్యి అడ్డం పెట్టారు, గుర్తుందా. ఏదో ఒకరోజు పొరపాటు చేస్తానని భయంగా ఉందండీ. చెప్పకుండా పంపించేద్దామనుకోలేదు. చెప్పడానికి నోరు రాలేదు.”

వీధిలో మల్లెపూల బండి వెళ్తోంది. ఎదురింటి టీవీ ప్రకటనలకి మారింది. ఎడమ పాదం లేచి నేలమీద కొట్టింది, ఒకసారి, రెండుసార్లు.

“ఇల్ల,” అన్నాడు, కాదని. “బారం. కీళ. కీళ.”

కీళ. కింద. ఆమె పాక్కుంటూ బయటికొచ్చింది. కళ్ళలోకి ఎండ సూటిగా పడి కాసేపు ఏమీ కనబడలేదు, తర్వాత అతను కనబడ్డాడు, చెమట పట్టి, విసుగ్గా, ఎడమ అరచేతిని గాల్లో కిందికి నొక్కుతూ, గోడకు ఆనించిన చక్రాన్ని, దాని పక్కనున్న రెండు మందపాటి చెక్కల్ని చూపిస్తూ. ఫ్యాక్టరీ మాట. తమిళంలో బారమంటే బరువు. బుష్షు బోల్టు కారు గాల్లో ఉండగా బిగించకూడదు, చక్రం తొడిగి, కారుని చెక్కల మీదికి దించి, బరువంతా దాని మీద పడ్డాక బిగించాలి; వేలాడుతున్నప్పుడు బిగిస్తే కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి కొన్నాళ్ళకే చిరిగిపోతుంది. ఎన్ని ఆదివారాలు చెప్పి ఉంటాడు. ఆమె గచ్చు మీద అలాగే చతికిలబడింది. గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని వంక చూసింది. అనవలసిందంతా అనేసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు.

“తెరియుం,” అన్నాడు సాయిరాం. తెలుసునని. ఎడమచేతి వేలితో తన చెవి తట్టి చూపించాడు, తర్వాత వంటింటి వైపు. మొన్న మేలుకునే ఉన్నాడు. పాలు మాడిన వాసన కూడా అతనికి తెలుసు. రెండ్రోజులుగా తెలిసి, ఆమె గెడ్డం గీస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఆగింది. అతను పని వైపు చెయ్యి చూపించాడు, ముందు అది కానీ అన్నట్టు.

చక్రం తొడిగింది. జాకీ ఎత్తి స్టాండ్లు తీసి, చక్రాల కింద చెక్కలు పెట్టి, జాకీ దించింది. కారు చెక్కల మీద కూర్చుని, చిన్నగా నిట్టూర్చినట్టు శబ్దం చేసి, స్థిరపడింది. మళ్ళీ కిందికి దూరి, పైపు తొడిగి, లోపల ఇక కదలననేదాకా బిగించింది. బిగించిన ప్రతిసారీ సరి అన్నాడు అతను. అన్నీ సర్దాక చేతులకి సర్ఫ్ పౌడరు రుద్దుకుంటుంటే గోళ్ళ సందున నలుపు పోలేదు, పోకపోయినా ఫరవాలేదనిపించింది. మజ్జిగ వేడెక్కిపోయింది, చెరో సగం తాగారు. అతన్ని లేపి, నాలుగడుగులు నడిపించి, ఎడమవైపు సీట్లో కూర్చోబెట్టి, కాలు లోపలికి ఎత్తిపెట్టి, బెల్టు పెట్టింది.

ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. మొదటి స్పీడ్ బ్రేకరు కనబడగానే అతను అలవాటుగా కుడిచేతిని గుండెకి అదుముకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె గేరు తగ్గించింది. కారు ఎక్కింది, దిగింది. ఏ చప్పుడూ లేదు. టైరు రోడ్డు మీద దొర్లే మెత్తటి శబ్దం, అంతే. అతను కళ్ళు తెరిచాడు. ఇంకో గుంట. ఇంకోటి. తవ్వి మట్టి పోసిన చోటు. ఒక పడవలా తేలింది కారు, తేలి ముందుకు పోయింది. మెల్లమెల్లగా అతను పట్టుకున్న చేతిని వదిలేశాడు, అది ఒళ్ళో పడి ఉంది, నొప్పి లేకుండా.

“పోరేన్,” అన్నాడు కాసేపటికి, రోడ్డు వంక చూస్తూనే. వెళ్తానని. “నీ... నువ్వు.” ఆగాడు. నోట్లో ఏదో మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు, తెలుగు మాటే, దొరకడం లేదు. చివరికి తల పక్కకి వాల్చి, కళ్ళు మూసి, గురక పెట్టి చూపించాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది, స్టీరింగు కాస్త అటూ ఇటూ అయింది కూడా. అతను రెండు వేళ్ళెత్తాడు.

“రెండు నెలలా?”

తలూపాడు. తర్వాత ఆ చేతినే ముందుకు చాపి కారు డాష్‌బోర్డు మీద తట్టి, వెనక్కి తిప్పి చూపించాడు. మళ్ళీ ఈ కారులోనే వచ్చేస్తానని.

“నేనూ వస్తాను,” అంది. ఆ మాట అనుకుని అనలేదు, అంటూ అనుకుంది. “మొదట్లో ఓ వారం అక్కడుంటాను. అక్కకీ బావగారికీ మీ మాటలు చెప్పాలి కదా. కీళ అంటే కింద అని వాళ్ళకేం తెలుసు.”

“లీవు?”

“పెడతాను. ఇవ్వకపోయినా పెడతాను.”

సరి, అన్నాడు. ఆసుపత్రి దాటాక రోడ్డు పక్కన వేపచెట్టు నీడ పొడుగ్గా పడుతున్న చోట కారాపింది. ఇంజను కట్టేసింది. ఐదు నిమిషాలండీ, అంది, సీటు వెనక్కి వాలుస్తూ, ఐదే నిమిషాలు, తర్వాత వెళ్దాం, రాత్రికి చారు పెట్టాలి, బావగారికి పరుపు దులపాలి, మీ మందుల సంచీ సర్దాలి, పట్టీ ఉతికి ఆరేయాలి, ఆఫీసులో ఎవరికి చెప్పాలి, చెప్పాలి, ఎవరికో చెప్పాలి. అతను ఏదో అన్నాడు. ఏ భాషలో అన్నాడో ఆమెకు పట్టలేదు, పట్టించుకోనూ లేదు. మేలుకుని ఉండే ఆ ఒక్క చెవీ కొంచెంకొంచెంగా మూసుకుపోతోంది. ఎడమవైపు తలుపు అద్దం దింపే పిడి కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది, ఒక్క చేత్తో, ఆగి ఆగి, అద్దం పూర్తిగా దిగేదాకా. అప్పుడు గాలి వచ్చింది.